అడుగులకు అరిసెలు, ఆలస్యానికి అభాండాలు

ఏడాది నిండిన బిడ్డ ఇంకా నడవకపోతే మన సమాజానికి రెండే మాటలు వచ్చు. ఒకటి: "ఇంకా నడవలేదా?" రెండు: "ఏం ఫరవాలేదు, అదే వస్తుంది." మొదటి మాట తల్లిని కాల్చుకు తింటుంది. రెండవది ఒక్కొక్కప్పుడు బిడ్డ బ్రతుకునే కబళిస్తుంది. పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండూ ఒకే అజ్ఞానానికి పుట్టిన కవలలని నా వాదం.

ఈ విషయం నాకు పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. మా అమ్మాయి 18 నెలలు నిండినా ఆసరా లేనిదే అడుగు వేయలేదు. ఆ రోజులలో మా ఇంటికి వచ్చిన చుట్టాలలో ఒక్కరైనా నన్ను ప్రశ్నించిన పాపాన పోలేదు. ప్రశ్నలన్నీ నా భార్యకే. "కడుపుతో ఉన్నప్పుడు సరిగా తిన్నావటమ్మా?" "పొద్దస్తమానం చంకనేసుకు తిరిగితే దానికి నడవాల్సిన అగత్యమేమిటే?" "నూనె పెట్టి కాళ్ళు సాగదీసేవారే లేకపోయారా?" బిడ్డ చురుకుగా ఉంటే తండ్రి పోలిక, ఆలస్యంగా నడిస్తే తల్లి దోషం! ఈ న్యాయం ఏ ధర్మశాస్త్రంలోదో నాకు తెలియదు.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచే ముచ్చట మనది. చక్కని ముచ్చట. కాని అది వచ్చిన అడుగును చూసి మురిసే వేడుకే తప్ప, రాని అడుగుకు విధించిన గడువు కాదు.

గడువే కావాలంటే దానికొక లెక్క ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాలలో ఆరోగ్యవంతులైన పసివారిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. దాని ప్రకారం, ఆసరా లేకుండా నడవడమన్నది 8.2 నెలలు మొదలు 17.6 నెలల వరకూ ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులమీద, మోకాళ్ళమీద పాకనే లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే కాన్పు కావలసిన తేదీ నుండి వయసు లెక్కించాలి. అంటే 13వ నెలలో "పక్కింటి బాబు పరుగెత్తుతున్నాడు" అనడానికి అర్థమే లేదు.

ఇక కొందరు వాకరు కొనుక్కొచ్చి బిడ్డను అందులో కూలవేస్తారు. మన మూడు చక్రాల చెక్కబండిని బిడ్డ తన కాళ్ళమీద నిలబడి తోస్తుంది. వాకరులోనో, కూర్చుని దొర్లుతుంది. దానివల్ల నడక త్వరపడదు సరికదా, మెట్లమీదనుంచి దొర్లి తలలు పగిలిన ఉదంతాలు అనేకం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన అంగళ్ళలో ఇప్పటికీ రంగురంగుల బొమ్మలతో వేలాడుతున్నాయి.

ఇప్పుడు రెండవ మాట సంగతి. 18 నెలలు దాటినా బిడ్డ నడవకపోతే "అదే వస్తుంది" అనడం ఓదార్పు కాదు, అపచారం. తుంటి కీలు తప్పి ఉండవచ్చు. పసితనంలో కనిపెడితే సులువుగా సరిచేయగలిగినది ఆలస్యమైతే కత్తిదాకా పోతుంది. థైరాయిడ్ లోపం కావచ్చు, విటమిన్ డి చాలక ఎముకలు మెత్తబడడం కావచ్చు, రెంటికీ మందులున్నాయి. మగబిడ్డలలో కండరాల క్షీణత కావచ్చు. అనుమానాన్ని బయటపెట్టడానికి ఒక్క రక్తపరీక్ష చాలు. ఏమీ లేకపోవచ్చు కూడా. కాని ఏమీ లేదని చెప్పవలసినది పరీక్షించిన వైద్యుడే గాని, కాఫీ తాగుతున్న మేనమామ కాదు.

"పూర్వం ఈ డాక్టర్లంతా ఉన్నారా? పిల్లలు నడవలేదా?" అంటారు. నడిచినవారు నడిచారు. నడవనివారిని ఇంటి వెనుక వసారాలో కూర్చోబెట్టి, పేరుకు ముందు "కుంటి" తగిలించి, కర్మ అని సరిపెట్టుకున్నాము. పూర్వమనే మాట కూడా దండగే. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వేళ, కర్ణాటకలోని కలబురగి జిల్లాలో వైకల్యమున్న పిల్లలను నయమవుతుందని కంఠం దాకా మట్టిలో పాతిపెట్టారు. ఎదుగుదలలో ఆలస్యాన్ని ఉచితంగా పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అప్పటికి ఆరేళ్ళుగా, 2013 నుండి, దేశమంతటా ఉన్నది. ఆ తల్లిదండ్రులకు దాని సంగతి చెప్పినవారు లేరు కాబోలు. గ్రహణం సంగతి చెప్పినవారు మాత్రం ఉన్నారు.

మా అమ్మాయిని వైద్యుడు తుంటి మొదలు పాదాల దాకా పరీక్షించి, రక్తపరీక్షలు చేయించి, లోపమేదీ లేదన్నాడు. 19వ నెలలో నడిచింది. "చూశావా, మేము చెప్పలేదూ!" అన్నారు, రెండు మాటలవారూ. ఏమి చెప్పారని? నా బిడ్డ నడవడం వారి మాటకు సాక్ష్యం కాదు. అదే మాట నమ్మి ఆగిపోయిన మరో ఇంట్లో తుంటి కీలు తప్పిన పాప ఉండి ఉంటే, అక్కడికి వెళ్ళి ఇదే ధీమాతో అనగలరా?

కనుక నా విన్నపం ఇంతే. బిడ్డకు ఏడాదిన్నర నిండకముందు ప్రశ్నించడం మానండి. నిండిన తరువాత ఓదార్చడం మానండి. ఆ తల్లి ఆసుపత్రికి బయలుదేరితే, చేతనైతే తోడు వెళ్ళండి.