డ్రీమ్‌వీవర్ అంటే నేతగాడే!

మెట్‌పల్లి అనగానే ఖాదీ గుర్తొస్తుంది. మగ్గం ఉన్న ఇంట్లో పడుగంటే ఏమిటో, పేకంటే ఏమిటో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అదే ఇంటి అమ్మాయి తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, వెబ్ డిజైనింగ్ నేర్చుకుందామని డ్రీమ్‌వీవర్ తెరిచిందనుకోండి. ట్యాగ్, బోర్డర్, మార్జిన్, ప్యాడింగ్... అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పని కష్టమై కాదు, మాటలకు భయపడి 'ఇది మనవల్ల కాదులే' అని మానేసేవాళ్లుంటారు.

నిజానికి ఇవేవీ పెద్ద చదువుల మాటలు కావు. ఇంగ్లిషువాళ్లు ఇంట్లో, వీధిలో వాడుకునేవే. 1997లో మాక్రోమీడియా తెచ్చి, 2005లో అడోబ్ చేతికి వచ్చిన డ్రీమ్‌వీవర్‌నే చూడండి. వీవర్ అంటే నేతగాడు! బ్రౌజర్‌లోని 'బ్రౌజ్' అంటే మొదట్లో మేకలు కొమ్మకొమ్మకూ మూతిపెట్టి ఆకులు కొరకడమే.

ట్యాగ్ అంటే గుర్తుచీటీ. 'ఇక్కణ్నుంచి అక్షరాలు లావుగా ఉండాలి' అని ఒకటి, 'ఇక్కడితో చాలు' అని ఇంకొకటి పెట్టాలి. రెండోది మరిచిపోతే కిందున్న అక్షరాలూ లావెక్కుతాయి.

ఎక్కువమంది తికమకపడేది మార్జిన్, ప్యాడింగ్‌ల దగ్గర. బోర్డర్‌ని ఇంటిగోడ అనుకోండి. గోడకీ లోపలి మంచానికీ మధ్య జాగా ప్యాడింగ్. గోడకీ పక్కింటికీ మధ్య సందు మార్జిన్. నమ్మకం కుదరకపోతే పెట్టెకు రంగు వేసి చూడండి. రంగు ప్యాడింగ్ దాకా పాకుతుంది, మార్జిన్‌ను తాకదు.

అయితే పోలిక అన్నిచోట్లా సాగదు. టెంప్లేట్‌ని ఇటుకల అచ్చు అనుకోవచ్చు. కానీ అచ్చు మారిస్తే పాత ఇటుకలు మారవు. డ్రీమ్‌వీవర్‌లో టెంప్లేట్ మారిస్తే, దాంతో చేసిన పాత పేజీలనూ ఒకేసారి మార్చుకోవచ్చు. అందుకే పోలికతో మొదలుపెట్టి, చేసి చూసి ఖాయం చేసుకోవాలి.

ఇంకో సంగతి. ప్యాడింగ్‌కు తెలుగులో ఏమనాలా అని తల బద్దలు కొట్టుకోకండి. మెనూలో ఉండేదీ, ఉద్యోగానికి వెళితే అడిగేదీ ఆ మాటే. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లిషు మాట ఉన్నదున్నట్టు రాయండి. కుడివైపు అది చేసే పని మీ ఇంటి మాటల్లో రాయండి. మీ అమ్మకు చదివి వినిపిస్తే ఆమెకు అర్థం కావాలి. అప్పుడే మీకు వచ్చినట్టు.

డ్రీమ్‌వీవర్ వాడకం ఇప్పుడు తగ్గింది. రేపు ఇంకేదో వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా ట్యాగ్ ట్యాగే, మార్జిన్ మార్జినే. మగ్గం మారినంత మాత్రాన పడుగూపేకలు మారతాయా?