ముందు చేప ఊరు అడగండి

చేపలమ్మే దుకాణానికి వెళితే మొట్టమొదట మన కంటిని పట్టేది రంగు. ఒక తొట్టెలో నిమ్మపండు రంగు చేప. పక్క తొట్టెలో నీలి చారల చేప. ఆ పక్కన పళ్ళెంలా గుండ్రంగా ఉండే డిస్కస్. "తలా రెండు ఇవ్వండి" అంటాం. దుకాణదారు వాటిని సంచుల్లో వేసి, గాలి నింపి, మూతికి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తాడు. నెల తిరిగేసరికి ఇంట్లోని అద్దాల తొట్టెలో రెండో మూడో మిగులుతాయి. "నీళ్ళు పడలేదు" అంటారు పెద్దవాళ్ళు. నిజమే, పడకపోయి ఉండవచ్చు. కాని పొరుగు పడిందా? తిండి పడిందా? ఆ రెండు ప్రశ్నలూ ఎవరూ వేయరు.

వేసినా చేప చచ్చాక వేస్తారు. కొనక ముందే వేయాలని నా వాదన. అందులోనూ సిక్లిడ్ల విషయంలో ఇది మరీ అవసరం.

సిక్లిడ్ అన్న పేరు మీకు కొత్తగా వినిపించవచ్చు గాని, ఆ కుటుంబం పరాయిది కాదు. చేపల బజారులో కనిపించే తిలాపియా సిక్లిడే. అందులో మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. అక్వేరియంలో పెంచే ఏంజెల్ చేప, ఆస్కార్, డిస్కస్ కూడా సిక్లిడ్లే. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టినవే 1,700 జాతులకు పైగా ఉన్నాయి. ఇన్ని జాతులు ఎలా వచ్చాయి? ఒక కారణం వాటి గొంతులో ఉంది. సిక్లిడ్లకు నోటి దవడలు కాక గొంతులో ఇంకో జత దవడలు ఉంటాయి. నమలడం, నలగగొట్టడం ఈ లోపలి దవడల పని. అందువల్ల ముందు దవడలకు తీరిక దొరికింది. ఆ తీరికలో అవి రకరకాల పనిముట్లుగా మారాయి. ఒక జాతికి రాతి మీది నాచును గీకే పళ్ళు. ఇంకో జాతికి ఇసుకను జల్లించే నోరు. మరో జాతికి చిన్న చేపను గుటుక్కున మింగే నోరు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఇతర చేపల పొలుసులు పీక్కుతిని బతికే సిక్లిడ్ ఒకటుంది. దాని నోరు ఒక పక్కకు వంకర! కుడికి వంకర ఉన్నవి ఎదుటి చేప మీద ఒక పక్కనుంచీ, ఎడమకు వంకర ఉన్నవి రెండో పక్కనుంచీ దాడి చేస్తాయి.

కనుక "సిక్లిడ్లు ఏం తింటాయి?" అని అడగడం "మనుషులు ఏ భాష మాట్లాడతారు?" అని అడిగినట్లే. ఏ ఊరి మనుషులు అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

చేప ఊరు తెలిస్తే ముందు దాని నీరు తెలుస్తుంది. డిస్కస్ ఊరు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. అది మృదుజలంలో, కాస్త ఆమ్లగుణం ఉన్న నీటిలో, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో హాయిగా ఉంటుంది. నిమ్మపండు రంగు చేప ఊరు ఆఫ్రికాలోని మలావీ సరస్సు. అక్కడి నీరు క్షారగుణం కలది. పిహెచ్ విలువ సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. ఈ రెండు చేపలనూ ఒకే తొట్టెలో పెడితే ఏదో ఒకటి పరాయి నీటిలో బతకవలసిందే. మీ ఇంట్లో బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పెంకు కడుతుందా? అయితే మీది కఠినజలం. డిస్కస్ కోసం ఆ నీటితో కుస్తీ పట్టడం కంటే ఆఫ్రికా సరస్సు చేపలను ఎంచుకోవడం తెలివైన పని. నీటికి తగిన చేపను తెచ్చుకోవడం సులువు. చేప కోసం రోజూ నీటిని మార్చుకుంటూ పోవడం కష్టం.

సరే, అన్నీ మలావీ చేపలనే తెచ్చాం. ఇక గొడవ లేదా? ఉంది. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది.

మలావీ సరస్సు పొడవు 550 కిలోమీటర్లకు మించి ఉంటుంది. లోతు కొన్నిచోట్ల 700 మీటర్లు. ఒడ్డున రాళ్ళ గుట్టల మధ్య "ఎంబునా" అనే చేపలుంటాయి. ఒక్కొక్క మగ చేప ఒక్కొక్క రాతి సందును తనదిగా చేసుకుని కాపలా కాస్తుంది. ఇంకో మగది వస్తే తరుముతుంది. వచ్చినది నాలుగు బారలు అవతలికి ఈదిపోతుంది. అంతటితో తగాదా తీరిపోతుంది. పందెపు కోళ్ళలా చచ్చేదాకా కొట్టుకోవడం సరస్సులో జరిగే పని కాదు. కాని అద్దాల తొట్టెలో ఆ నాలుగు బారలు ఎక్కడివి? ఓడిన చేప ఎంత పారిపోయినా గెలిచినదాని కంటి ముందే ఉంటుంది. అది ఇంకా తన హద్దులోనే ఉందని గెలిచిన చేప మళ్ళీ తరుముతుంది. రెక్కలు చీలుతాయి, పొలుసులు ఊడతాయి, మూల నక్కి తిండి మానేస్తుంది. మనం దాన్ని చూసి "పొగరుబోతు చేప" అని పేరు పెడతాం. పారిపోయే దారి మూసింది ఎవరు మరి?

అందుకే తొట్టెలో ఎవరి పక్కన ఎవరుండాలో నిర్ణయించేటప్పుడు నేను రంగును ఆఖరున లెక్కలోకి తీసుకుంటాను. ముందు చూడవలసింది స్వభావం, పెద్దయ్యాక వచ్చే సైజు, తిండి. దుకాణంలో అమ్మేవి సాధారణంగా పిల్ల చేపలు. మెలనోక్రోమిస్ ఆరేటస్ అనే చేప చిన్నప్పుడు బంగారు రంగు మీద నల్లచారలతో ముద్దుగా ఉంటుంది. పెద్దయ్యేసరికి మగది దాదాపు నల్లబడిపోతుంది, తొట్టెకంతటికీ తానే రాజునంటుంది. దాన్ని కొత్తవాళ్ళకు అమ్మడమే తప్పని నా అభిప్రాయం. ఆస్కార్ పిల్ల అగ్గిపెట్టెంత ఉంటుంది. అది 30 సెంటీమీటర్లు పెరిగి, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. మలావీలోనే పుట్టిన నింబోక్రోమిస్ లివింగ్‌స్టోనీ ఇంకా గడుసుది. అడుగున పక్కకు ఒరిగి చచ్చిన చేపలా పడుకుంటుంది. ఒంటి మీది మచ్చలు కుళ్ళిన శవంలా కనిపిస్తాయి. చిన్న చేపలు కొరుక్కు తిందామని దగ్గరికి రాగానే నోరు తెరిచి పట్టేస్తుంది. చూడటానికి నాటకం బాగానే ఉంటుంది గాని, మీ చిన్న చేపలు ప్రేక్షకులు కావు! ఫ్లవర్‌హార్న్ మాట చెప్పనే అక్కరలేదు. అది ఏ సరస్సుదీ కాదు, మనుషులు సంకరం చేసి పుట్టించినది. దానికి ఒంటరి తొట్టె తప్ప గతి లేదు.

మరి ఏవి పెట్టాలి? నాలుగడుగుల తొట్టె ఉందనుకుందాం. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. గుణించి చూడండి, 243 లీటర్లు వస్తుంది. రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా 200 లీటర్లు మిగులుతుంది. బరువు రెండు క్వింటాళ్ళ పైమాటే కనుక దాన్ని చదువుకునే బల్ల మీద పెట్టకండి. ఇందులో నేనైతే రెండు జాతులే పెడతాను. ఒకటి లాబిడోక్రోమిస్ సెరూలియస్, అంటే ఆ నిమ్మపండు రంగు చేప. (దాని లాటిన్ పేరుకు "నీలం" అని అర్థం! ఆ జాతిలో నీలి తెలుపు చేపలూ ఉన్నాయి.) ఎంబునాల్లో ఇది కాస్త సాధువు. రెండోది, పసుపు తోక గల నీలి చేప, "అసీ". అది సరస్సులో మునిగిన దుంగల మీది నాచును మేస్తుంది. రెండిటికీ రంగు వేరు, మేత చోటు వేరు. రంగు వేరుగా ఉండటంలో ఒక లాభం ఉంది. మగ చేప తనలా కనిపించే చేపనే పోటీదారుగా ఎంచుతుంది. ఒకే రంగు జాతులను కలిపితే పోట్లాట పెరుగుతుంది, సంకరం కూడా జరగవచ్చు.

ఆరేడు చొప్పున పెడితే చాలు. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలి. ఒక్క ఆడదే ఉంటే మగది దాన్ని ఊపిరి తిప్పుకోనివ్వదు. ఈ చేపల్లో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని సుమారు మూడు వారాలు పొదుగుతుంది. ఆ రోజుల్లో తిండి దాదాపు ఉండదు కనుక దాక్కునే చోటు కావాలి. రాళ్ళను సందులుండేలా పేర్చండి. ఇసుక వేయక ముందే పెద్ద రాళ్ళను అడుగున కూర్చోబెట్టండి. చేపలు ఇసుక తవ్వితే రాయి కూలి అద్దం పగులుతుంది. కొత్త చేపను వదిలే రోజున రాళ్ళ అమరిక మార్చి చూడండి. పాత హద్దులు చెరిగిపోయి అందరూ కొత్త కాపురానికి వచ్చినట్లు తికమకపడతారు. ఆ గందరగోళంలో కొత్త చేపను పట్టించుకునేవాడు ఉండడు.

ఇక తిండి. గుడి కోనేటిలో చేపలకు మరమరాలు వేసే అలవాటు మనకుంది. ఆ అలవాటుతోనే తొట్టెలోనూ బిస్కెట్టు ముక్క, అన్నం మెతుకు వేస్తాం. దయచేసి వద్దు. నాచు మేసే చేప పేగు దాని ఒంటి పొడవుకు ఎన్నో రెట్లుంటుంది. ఆవుకు లాగే, పోషకాలు తక్కువున్న మేతను రోజంతా కొంచెం కొంచెంగా తిని, నిదానంగా అరిగించుకునే ఏర్పాటు అది. చేపలను తినే చేప పేగు పొట్టిది. నాచు మేసే చేపకు రోజూ మాంసం, కొవ్వు పెడితే అది అరగక బాధపడుతుంది. మలావీ చేపలకు పొట్ట ఉబ్బి చచ్చే జబ్బు ఒకటి వస్తుంది. పడని తిండి, పోట్లాటల బెదురు రెండూ అందుకు తోడవుతాయని పెంచేవాళ్ళ అనుభవం. నిమ్మపండు రంగు చేప సరస్సులో చిన్న పురుగులను తింటుంది, అసీ నాచు తింటుంది. ఇద్దరికీ ఒకే వంట ఏది? స్పైరులినా కలిపిన గుళికలు. పురుగులు తినేదానికి ఆకు తిండి ఎక్కువైనా పెద్ద ఇబ్బంది లేదు, చిక్కంతా రెండోవైపే. వారానికి ఒకటి రెండుసార్లు వేడినీళ్ళలో ముంచి తీసిన పాలకూర, పొట్టు తీసిన బఠాణీ పెట్టండి. ముద్దలుగా అమ్మే ఎర్ర ట్యూబిఫెక్స్ పురుగులను మాత్రం నేను కొనను. అవి మురుగులో పెరుగుతాయి, రోగాన్నీ వెంట తెస్తాయి.

ఎంత పెట్టాలి? రెండు నిమిషాల్లో మిగలకుండా తినేంత, రోజుకు రెండుసార్లు. మిగిలిన తిండి కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. ఇక్కడ మీ రసాయనశాస్త్రం అక్కరకు వస్తుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అయాన్‌గా మారిన రూపం వల్ల హాని తక్కువ. మారని రూపం మొప్పలకు విషం. పిహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర ఈ విషరూపం సుమారు పదింతలుంటుంది. అంటే డిస్కస్ తొట్టెలో పొరపాటుగా పోయేది మలావీ తొట్టెలో ప్రాణం తీస్తుంది. అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక తొట్టె పెట్టిన రోజే చేపలు వేయకూడదు. ఆ తరువాత కూడా వారానికోసారి పాతిక శాతం నీరు మార్చాలి.

దుకాణంలో చివరగా ఒక మాట చెబుతారు: "ఈ నల్ల చేపను కూడా తీసుకెళ్ళండి, అద్దం మీది నాచంతా తినేస్తుంది." అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేప. సిక్లిడ్ కాదు, జెల్ల జాతిది. అరచేతిలో పట్టేంత ఉన్నది అడుగున్నర దాకా పెరుగుతుంది. తొట్టె చాలక జనం దాన్ని చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు, పుణ్యమనుకుని. ఒంటి నిండా గట్టి పలకలు, ముళ్ళు. నీటిలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. ఇప్పుడది ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో పాతుకుపోయింది. వలలు చింపుతుంది, గట్లు తొలుస్తుంది. చేపల రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తిలాపియా కథ కూడా మన చెరువుల్లో అలాగే నడిచింది. తొట్టెలో ఇమడని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి. నీళ్ళున్న చోటల్లా దానికి ఇల్లు కాదు. నాచు సంగతా? పాత టూత్ బ్రష్షు చాలు.

ఇంతకీ మన దేశపు సిక్లిడ్లు లేవా అంటే, మూడు జాతులున్నాయి. పెద్దది కేరళవాళ్ళ కరిమీన్. పులికాట్, చిలికా సరస్సుల్లోనూ ఉంటుంది. చిన్నది నారింజ రంగు క్రోమైడ్, 8 సెంటీమీటర్లు మించదు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉప్పుటేర్లలో, మంచినీటిలో కూడా బతుకుతుంది. మూడడుగుల తొట్టె ఉన్నవాళ్ళకు నేను ముందు చెప్పేది ఈ చేప పేరే. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కు తింటాయి. ఆ దృశ్యం ఇంట్లోనే చూడవచ్చు. 1972లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, నారింజ క్రోమైడ్ చిన్నవి కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవులను ఏరి శుభ్రం చేస్తాయి. ఆ నారింజ క్రోమైడే అవకాశం దొరికితే కరిమీన్ గుడ్లను తినేస్తుంది కూడా. ఈ రెంటినీ కలిపి పెట్టవచ్చా అని మీరు అడగవచ్చు. కరిమీన్ 20 సెంటీమీటర్లు దాటుతుంది. మూడడుగుల తొట్టె దానికి చాలదు.