పాటలో లెక్క

పిల్లలూ! మొన్న ఒక తండ్రి మా యింటికి వచ్చి, "సారూ, మావాడు పళ్ళెం కనిపిస్తే పళ్ళెం మీద, పీట కనిపిస్తే పీట మీద దరువు వేస్తాడు. చదువు పాడవుతుందేమో, మీరైనా చెప్పండి" అన్నాడు.

నాకు పాత సంగతి గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. ఒకప్పుడు లెక్కల గంటలో బల్ల మీద తాళం వేస్తున్న కుర్రవాణ్ణి నేను బెంచీ ఎక్కించాను. వాడు చేస్తున్నదీ లెక్కేనని అప్పుడు నాకు తట్టలేదు!

మన పెద్దవంగర ఉన్న మహబూబాబాదు జిల్లాలోనే కంబాలపల్లి అనే పల్లె ఉన్నది. సంగీత దర్శకుడు చక్రి 1974లో అక్కడే పుట్టాడు. 2000లో 'బాచి' చిత్రంతో సినిమాలకు వచ్చాడు. 2003లో వచ్చిన 'సత్యం'లో పాడినందుకు ఫిలింఫేర్ బహుమతి, 2010లో వచ్చిన 'సింహా' సంగీతానికి నంది బహుమతి అందుకున్నాడు. 2014 డిసెంబరులో, నలభయ్యో యేటనే కన్నుమూశాడు. పాపం, చిన్న వయసు! అయినా పద్నాలుగేళ్ళలో పల్లెపల్లెకూ తన పాట వినిపించి పోయాడు.

సినిమాలో సంగీతం రెండు విధాలు. పాటను సాధారణంగా ముందు రికార్డు చేసి, దానికి తగినట్టు బొమ్మ తీస్తారు. నేపథ్య సంగీతం అలా కాదు. బొమ్మ తీసి, కూర్చిన తర్వాత దానికి తగినట్టు కడతారు. ఇక్కడే లెక్క కావాలి.

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. తప్పిపోయిన పిల్లవాడు తల్లి దగ్గరికి పరుగెత్తి వచ్చే ఘట్టం 12 సెకన్లు అనుకోండి. అంటే 288 బొమ్మలు. నిమిషానికి 60 దెబ్బల నడక అయితే అందులో 12 దెబ్బలు పడతాయి. 120 అయితే 24 దెబ్బలు. మొదటిది దిగులు, రెండోది తొందర. తల్లి పిల్లవాణ్ణి ఎత్తుకునే క్షణానికి చివరి దెబ్బ సరిగా పడాలి. అర సెకను తప్పినా ఆ సంతోషం మనకు అందదు.

టెలివిజన్ ధారావాహికలకు ఇంకో చిక్కు. రోజుకొక భాగం రావాలి గనుక ప్రతిదానికీ కొత్తగా కట్టే వ్యవధి ఉండదు. అందుచేత సంతోషానికి, భయానికి, దుఃఖానికి ముందే ముక్కలు కట్టి ఉంచుకుని, సమయం చూసి వాడుతుంటారు.

ఆ తండ్రితో, "వాడి దరువు మాన్పించకండి. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టమనండి" అన్నాను.

మీకూ ఒక లెక్క: నిమిషానికి 90 దెబ్బల నడకలో 20 సెకన్ల ఘట్టానికి ఎన్ని దెబ్బలు? పలక తీయకండి. చేత్తో తాళం వేసి చెప్పండి!