బండి అదిరితే సామాను మార్చకండి, ముందు కారణం వెతికించండి

ఈసారి వీడియో జీవామృతం గురించి కాదు, పంటను ఊరు దాటించే బండి గురించి. పాత పికప్ ఇంజన్ అదురుతుంటే మనలో చాలామందిమి షెడ్డుకి తీసుకెళ్లి, "అన్నా, వైబ్రేషన్ వస్తోంది, ఏం మార్చాలి?" అని అడుగుతాం. నన్నడిగితే అనవసర ఖర్చు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఏం మార్చాలి అంటే ఎవరైనా ఏదో ఒకటి మారుస్తారు. అడగాల్సింది "ఎక్కడినుంచి వస్తోంది?" అని.

నాది 2009 మోడల్ డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, పాత మెకానికల్ పంపు. చేవెళ్ల వైపు నుంచి ఆకుకూరలు, కూరగాయలు వేసుకుని టోలిచౌకి, షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగర్ ఎక్కి జూబ్లీహిల్స్ ఇళ్లకు ఇస్తాను. ఆ రూటు తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు, అన్నీ రాతిగుట్టల మీద కట్టిన కాలనీలే. ఎక్కుడు, దిగుడు, సిగ్నల్ దగ్గర ఆగుడు. హైవే మీద నున్నగా పోయే బండి చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు, అద్దాలు, వెనక క్రేట్లు అన్నీ ఊగేవి. పండిన టమాటా ఆ అదురుకి ఒకదానికొకటి ఒరుసుకుని తోలు పోతుంది. ఎంత మంచిగా పండించినా కొనేవాళ్ల కంటికి నలిగిన కాయ నలిగిన కాయే.

ఒక షెడ్డులో వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు. ఇంకోచోట ఇంజన్ దింపాలన్నారు. మూడోచోట "ఇంక అమ్మేయండి" అన్నారు. కానీ ఎవరూ బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు నిలబడి వినలేదు. నిలబడి విన్నది కృష్ణానగర్ పక్క సందులో సినిమా యూనిట్ల బండ్లు చూసే ఒక పెద్దాయన. ఆయన చేసిన వరుస ఇది. వీడియోలో మొత్తం ఉంది.

మొదటిది, అదురు ఇంజన్‌దా, చక్రాలదా? బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ చేయాలి. నిలబడి ఉన్నా అదిరితే చక్రాలకు, ప్రొపెల్లర్ షాఫ్టుకు సంబంధం లేదు. నడిచేటప్పుడే వచ్చి, బండి స్పీడుతో పాటు పెరిగితే టైర్లు, షాఫ్టు, దాని క్రాస్‌లు, సెంటర్ బేరింగు చూడాలి. నా బండి నిలబడి ఉన్నప్పుడే ఊగుతోంది. అంటే వీల్ బ్యాలెన్సింగ్ మాట అక్కడికక్కడే కొట్టేయొచ్చు, పైసా ఖర్చు లేకుండా.

రెండోది, క్లచ్ తొక్కి చూడడం. తొక్కగానే అదురు మారితే క్లచ్, గేర్‌బాక్స్ వైపు వెతకాలి. మారకపోతే ఇంజన్ వైపు.

మూడోది, ఏ సిలిండర్ పని దొంగిలిస్తోంది? పాత మెకానికల్ పంపు ఇంజన్‌లో ఐడ్లింగ్ మీద ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తారు. మంచి సిలిండర్ అయితే వెంటనే ఇంజన్ కుంటుతుంది. నట్టు వదిలినా శబ్దం మారలేదంటే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదు. నా బండిలో అది మూడో సిలిండర్. కామన్ రైల్ ఇంజన్లో మాత్రం ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఆ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. అలాంటి బండికి స్కానర్ పెట్టించండి.

అదురు హైవే మీద తెలీకుండా సిగ్నల్ దగ్గరే ఎందుకు తెలుస్తుంది? లెక్క చూడండి. ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే, నాలుగు సిలిండర్లూ కలిపి 1600 సార్లు మండాలి. ఒకటి పడుకుంటే 400 దెబ్బలు తగ్గుతాయి, అంటే సెకనుకు దాదాపు 7 కుదుపులు. నెమ్మది కుదుపు కాబట్టి ఒళ్లంతా ఊపుతుంది. చుట్లు పెరిగితే కుదుపులు దగ్గరపడి అంతగా తెలీవు. తెలీనంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు.

నాలుగోది నాకు బాగా నచ్చింది. మూడో సిలిండర్ నాజిల్ తీసి రెండోదాంట్లో, రెండోది మూడోదాంట్లో వేశారు. అదురు రెండో సిలిండర్‌కి మారింది. అంటే తప్పు నాజిల్‌ది, ఇంజన్‌ది కాదు. అదే మూడోదాంట్లోనే ఉండిపోతే కంప్రెషన్ చెక్ చేయించాల్సి వచ్చేది, అప్పుడు ఇంజన్ దింపే మాటకి అర్థం ఉండేది.

నాజిల్ బాగుచేశాక ముప్పావు వంతు తగ్గింది. మిగిలినది ఇంజన్ ఫౌండేషన్ రబ్బరు. పైనుంచి కారిన ఆయిల్ తాగి ఎడమవైపు రబ్బరు మెత్తబడి కుంగిపోయింది. అందుకే చెప్తున్నా, లీకు ఆపకుండా రబ్బరు ఒక్కటే మారిస్తే కొత్తదానికీ అదే గతి.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగుల జనరేటర్ వ్యాన్లు చూసే ఉంటారు. కరెంటు 50 హెర్ట్జ్ ఉండాలి కాబట్టి ఆ పెద్ద డీజిల్ ఇంజన్లు మామూలుగా 1500 చుట్ల దగ్గరే స్థిరంగా తిరుగుతాయి. దాని రబ్బర్లు ఆ ఒక్క స్పీడుకు సరిపోతే చాలు. మన పికప్ రబ్బరు 800 నుంచి 4000 దాకా అన్నిటినీ మింగాలి. అందుకే పాతబడిన బండి ఒక్క స్పీడు దగ్గరే గట్టిగా వణికి, అది దాటగానే తగ్గితే, ముందు రబ్బర్లు, సైలెన్సర్ పైపు ఎక్కడైనా తగులుతోందా, బ్రాకెట్ బోల్టులు వదులయ్యాయా చూస్కోండి.

ఇప్పుడు అసలు మాట. మెకానిక్‌లని తిట్టడం తేలిక. సామాను మారిస్తే డబ్బులిస్తాం, గంటసేపు వెతికి "ఇదీ కారణం" అని చెప్తే "చూసినందుకే డబ్బులా?" అంటాం. అలాంటప్పుడు ఆయన ఎందుకు వెతుకుతాడు? మార్చడమే ఆయనకు కూలి. తెగులు ఏంటో చూడకుండా మందు అమ్మే షాపుకీ, బానెట్ ఎత్తకుండా సామాను చెప్పే షెడ్డుకీ దారి వేసింది మన ఈ అలవాటే. వెతికిన గంటకు కూలి మాట్లాడుకోండి, తీసిన పాత సామాను చూపించమనండి. ఆ పెద్దాయన వెతకడానికే వేరుగా తీసుకున్నాడు. ఇంజన్ దింపే ఖర్చులో అది చిన్న ముక్క.

పాత బండ్లన్నీ ఉంచుకోమని అనడం లేదు. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఎలాగూ తప్పదు. అన్ని సిలిండర్లలో కంప్రెషన్ పడిపోయినా, ఛాసిస్ తుప్పు పట్టినా వదిలేయడమే మంచిది. కానీ అది కారణం తెలిశాక తీసుకోవాల్సిన నిర్ణయం. కిస్తీలు తీరిపోయిన బండి చిన్న రైతుకు పెద్ద ఆస్తి. ఒక నాజిల్, ఒక రబ్బరు కోసం దాన్ని అమ్మి మళ్లీ ఐదేళ్ల కిస్తీ నెత్తిన వేసుకోకండి.