సుగ్గిబండికి సూర్యదీపము

ప్రయాణమునకును నివాసమునకును ఒక్క బండినే వాడుకొను వేడుక మన దేశమునందును ఇటీవల వ్యాపించుచున్నది. ఇల్లువంటి ఆ మోటారుబండిని కారవాను అందురు. దాని కప్పుమీద సౌరఫలకములును, లోపల బ్యాటరీయు నుండును. పగటి యెండనుండి పుట్టిన విద్యుచ్ఛక్తి బ్యాటరీలో నిలిచి, రాత్రి దీపములకును పంకాలకును ఉపయోగపడును. మేమీ వేడుకను నిందింపము. అయితే మన గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి చేలకు ఏటేట బండ్లపై వచ్చువారికి ఈ సాధనము అంతకంటె ముందుగా కావలయునని మా యభిప్రాయము.

మిరపకోతల కాలమున ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయము దిక్కులనుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చును. దీనిని వారు సుగ్గికి పోవుట యందురు. వంటపాత్రలు, బియ్యపు మూటలు, ముసలివారు, పసిబిడ్డలు అందరును అన్నియును ఒక్క లారీలోనో ట్రాక్టరు ట్రక్కులోనో సర్దుకొని వత్తురు. చేనిగట్టున పట్టాలు కట్టుకొని వారములకొలది కాపురముందురు. పొద్దు గ్రుంకిన పిమ్మట పాము, తేలు కనబడవు. తల్లిదండ్రుల వెంట బడి విడిచి వచ్చిన పిల్లవానికి పుస్తకమున్నను అక్షరము కనబడదు. దీపమున్నంతమాత్రమున బడి వచ్చునని మేమనుటలేదు; చీకటిలో మాత్రము చదువు మొదలే కాదు.

2024 ఫిబ్రవరిలో ఆరంభింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము, ఇంటికప్పుపై సౌరఫలకములు వేయించుకొనువారికి 78,000 రూపాయలవరకు సాయము నేర్పరచినది. మంచిదే. పట్టాయే కప్పుగా గలవారికి ఆ సాయ మెట్లు చేరును?

ఇందుకు కావలసిన సామగ్రి గొప్పది కాదు. 100 వాట్ల ఫలకము మన యెండలో, నష్టములు పోగా, దినమునకు సుమారు 350 వాట్‌గంటల శక్తి నిచ్చును. 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు మూడు ఆరు గంటలు వెలిగిన 90, 20 వాట్ల చిన్న పంకా ఎనిమిది గంటలు తిరిగిన 160, అయిదు సెల్‌ఫోనులకు 75, మొత్తము 325. కారవానులోని చల్లదనపు యంత్రము 1,000 వాట్లు తినునదైనచో, ఇదే శక్తి ఇరువది నిమిషములకు మించి చాలదు. 12 వోల్టుల, 75 ఆంపియర్‌గంటల సీసపు బ్యాటరీలో 900 వాట్‌గంటలు పట్టునుగాని, సగమునకు మించి తీసినచో దాని యాయువు తగ్గును. చార్జి మితిమీరకుండ కంట్రోలరు తప్పక యుండవలెను. ఛార్జియగునప్పుడు మండెడి వాయువు వెలువడును గనుక బ్యాటరీని పొయ్యిదగ్గర నుంచరాదు. ఫలకమును వేపచెట్టు నీడను పెట్టుట వ్యర్థము. కల్లపు దుమ్మును తడిగుడ్డతో తుడుచుచుండవలెను.

వ్యయ మెవరు భరింతురని చదువరులడుగవచ్చును. కూలివారే కొనుక్కొందురనుట న్యాయము కాదు. బ్యాటరీ స్ప్రేయరును వీపున తగిలించుకొని మందు కొట్టు మన రైతులకు ఈ విద్య క్రొత్తదికాదు. ఒక యూరి రైతులు నలుగురైదుగురు కలిసి ముఠాకొక్క జత కొనియిచ్చినచో, ఒక చేనినుండి మరియొక చేనికి ట్రక్కుతోపాటు అదియు పోవును. మేస్త్రీకి నమ్మకముమీద అడ్వాన్సు లిచ్చువారు దీపమును నమ్మి యియ్యలేరా? కోతలు ముగిసి ముఠా ఇంటిదారి పట్టునాడు దానిని వెంటబంపుటయే మేలు. మరుసటి యేట వారే దానిని మరల తెత్తురు.