అప్పు చేసి చేసే పండగ ఆయనది కాదు

డిసెంబరు వచ్చిందంటే మన పేటల్లో రెండు లెక్కలు మొదలవుతాయి. మందిరానికి రంగులెంత, లైటింగ్ ఎంత, స్టేజీ ఎంత, ఫ్లెక్సీలెన్ని అన్నది సంఘం లెక్క. ఎవర్ని అడగాలి, ఎంత అడగాలి, ఇంట్లో తాకట్టుకు ఇంకా ఏం మిగిలింది అన్నది ఆడవాళ్ల లెక్క. మొదటిది మైకులో చదువుతారు. రెండోది పొయ్యి దగ్గర గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ రెండో లెక్కను కూడా మైకులో చదవాల్సిన రోజు వచ్చిందని నేనంటున్నాను.

పల్నాడు, ప్రకాశం వైపు కూలి చేసుకునే ఇళ్లలో పండగ ఎలా గడుస్తుందో చూడండి. మిర్చి కోతలు జోరందుకునేది జనవరి దాటాక. చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. క్రిస్మస్ వచ్చేదేమో డిసెంబరు 25న. అంటే పండగ ముందు, కూలి తర్వాత. ఈ రెంటి మధ్య గ్యాపులోకి దూరేవాడు కూలీల మేస్త్రీ. ‘ఎందుకమ్మా బాధపడతావు, అడ్వాన్సు తీసుకో, కోతల్లో చూసుకుందాం’ అంటాడు. తీసుకున్న మనిషి ఆ మార్చిలో కూలి రేటు గురించి నోరెత్తలేదు. పక్క ఊళ్లో యాభై ఎక్కువిస్తున్నారని తెలిసినా వెళ్లలేదు. పిల్లకు కొన్న గౌను ఖరీదు ఆ తల్లి రెండుసార్లు కడుతోంది. ఒకసారి షాపులో, ఇంకోసారి చేలో.

మేస్త్రీ దగ్గర దొరక్కపోతే నోటు రాయడమే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్లలో ‘మంచి వడ్డీ’ కింద లెక్క. ఇరవై వేలు తెస్తే నెలకు ఆరు వందలు. ఏడాదికి ఏడు వేల రెండు వందలు. అసలు అలాగే ఉంటుంది, మళ్లీ డిసెంబరు వస్తుంది, పాత నోటు మీద కొత్త నోటు. డ్వాక్రా గ్రూపులో బర్రె కోసమో కుట్టు మిషను కోసమో తీసుకున్న బ్యాంకు లోను చీరలకూ కేకులకూ కరిగిపోయిన ఇళ్లు ప్రతి పేటలోనూ ఉన్నాయి. బర్రె ఉండి ఉంటే పాలు ఇచ్చేది. ఆ పాల డబ్బుతోనే పై ఏడాది పండగ వెళ్లిపోయేది.

పండగకు వారం ముందు ఏ చిన్న టౌనులోనైనా బట్టల షాపులో ఒక గంట నిలబడండి. ముగ్గురు పిల్లలతో ఒక తల్లి వస్తుంది. నెట్టు గుడ్డ, పూసలు, వెనక పెద్ద బో ఉన్న గౌను మీద చిన్నదాని చెయ్యి పడుతుంది. తల్లి ముందు గుడ్డను చూడదు. ధర చీటీని తిప్పి చూస్తుంది. మళ్లీ బోర్లా పెడుతుంది. పక్కనే ఇంకో సంఘం ఆవిడ కనబడగానే ‘ఇది కట్టండి’ అంటుంది. ఆ తర్వాత తనకోసం తీసి పక్కన పెట్టుకున్న చీరను మెల్లగా కౌంటరు అవతలికి నెడుతుంది. ‘అమ్మా, చీర మర్చిపోతున్నారు’ అంటాడు షాపు కుర్రాడు. ‘తర్వాత తీసుకుంటాలే నాయనా.’ ఆ తర్వాత అనేది రాదు. ఆ తల్లిని తప్పుపట్టే నోరు నాకు లేదు. నా కోపమంతా ఆ పక్కావిడను చూసి ఆమె ఎందుకు జడిసిందన్న దాని మీద. ఆ జడుపును నాటింది మనం. అందరూ వినేలా నాటాం.

అయ్యగారూ, ఇది మీతోనే. కానుకలిచ్చిన వాళ్ల పేర్లు, పక్కన అంకెలతో సహా మైకులో ఎందుకు చదువుతున్నారు? ‘ఫలానా కుటుంబం ఐదు వేలు’ అనగానే చప్పట్లు. ‘ఫలానా సోదరి వంద రూపాయలు’ అన్నప్పుడు ఆ నిశ్శబ్దం మీకు వినపడటం లేదా? కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని మనకు నేర్పిన ఆయన పుట్టినరోజునే ఈ పని చేస్తున్నాం. విధవరాలు వేసిన రెండు కాసుల మీద ఏటా ప్రసంగం చెప్పి, ఆ విధవరాలి మనవరాలు వేసిన వందను ఊరంతా వినేలా చదివి తలవంచుకునేలా చేస్తున్నాం. మరుసటి ఏడు ఆమె వంద ఇవ్వదు. అప్పు తెచ్చి వెయ్యి ఇస్తుంది. ఆ వెయ్యికి మీరు ప్రార్థన చేస్తారు, నెలకు ముప్పై రూపాయల వడ్డీ ఆమె కడుతుంది.

ఖర్చు ఒక్క రోజుతో పోవడమూ లేదు. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు. యవ్వనస్థులది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి. ప్రతిదానికీ కేకు, ప్రతిదానికీ చందా, కొన్నిచోట్ల ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీర. ఆ చీర ఇంట్లో ఉన్న రంగు కాదు, కొనాల్సిన రంగు. కేరల్స్ రాత్రి గుమ్మంలోకి వచ్చిన పాటగాళ్ల పళ్లెంలో వెయ్యడానికి చిల్లర లేక లైటు ఆర్పుకుని పడుకున్న ఇళ్లు ఉన్నాయి. క్రీస్తు పుట్టాడన్న వార్త గుమ్మంలోకి వస్తే లైటు ఆర్పుకోవాల్సిన గతి మన వాళ్లకు పట్టించామంటే, ఆ పాట ఎవరికోసం పాడుతున్నట్టు?

లూకా సువార్త రెండో అధ్యాయం తెరవండి. బిడ్డను ఆలయానికి తీసుకువెళ్లినప్పుడు యోసేపు, మరియ అర్పించింది పక్షుల జత. ధర్మశాస్త్రంలో గొర్రెపిల్లను తేలేని పేదలకు ఇచ్చిన వెసులుబాటు అది. లేవీయకాండం పన్నెండో అధ్యాయంలో ఉంది. గొర్రెపిల్ల కోసం యోసేపు అప్పుకు వెళ్లలేదు. ఉన్నంతలో ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు. ఇక జ్ఞానుల బంగారం, సాంబ్రాణి, బోళం సంగతి. వాళ్లు విప్పింది తమ పెట్టెలు, వంగింది పేదింటి బిడ్డ ముందు. ఉన్నవాళ్ల దగ్గర నుంచి లేనింటికి వెళ్లిన కానుకలవి. మనం దాన్ని తలకిందులు చేశాం. లేనింటి నుంచి స్టేజీకి, సౌండ్ సిస్టమ్‌కి, ఫ్లెక్సీ మీద బొమ్మకి వెళుతున్నాయి కానుకలు.

మన సంఘాలు పుట్టిన తీరు ఇది కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మన పెద్దలకు పని చూపించాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జులై 3న, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ చర్చి చూడండి. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడని ఆ ప్రాంతం ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1924లో సరిగ్గా క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారు. అంత పెద్ద గోపురం లేస్తూ జనం నోట్లో ముద్ద పెట్టింది. మనం వేస్తున్న షామియానా ఆ ముద్దను లాగేస్తోంది.

‘ఏడాదికోసారి వచ్చే పండగ, పేదోళ్లు కొత్త బట్ట కట్టకూడదా?’ అని నన్ను అడుగుతారు. కట్టాలి. కట్టి తీరాలి. ఊరి నడివీధిలో చెప్పులు వేసుకుని నడవనివ్వని కాలంలో మన తాతలు క్రిస్మస్ నాడు ఉతికిన తెల్లబట్ట కట్టి మందిరానికి నడిచారు. ఆ నడకలో ఉన్న మర్యాద నాకు తెలుసు. దాన్ని తగ్గించే మాట నా నోట రాదు. కానీ ఆ చొక్కా కోసం ఇవాళ నోటు రాసి నిలబడుతున్నది ఎవరి అరుగు ముందు? తాతను నడవనివ్వని వాళ్ల అరుగు ముందే కదా! మర్యాద కోసం కొన్న బట్టకు మర్యాదనే తాకట్టు పెడుతున్నాం. నా కడుపు మంట అది.

పట్నాల సంగతి వేరేం కాదు, పేర్లే వేరు. పండక్కి కొడుక్కి ఫోను ‘నో కాస్ట్ ఈఎంఐ’లో కొంటున్నారు. సున్నా వడ్డీ అనేది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు అంటారు, క్రెడిట్ కార్డైతే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అంటారు, రొక్కానికి వచ్చే తగ్గింపు మీకు రాకుండా పోతుంది. ఇంకా తొందరైతే లోన్ యాప్. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల వాళ్లను అరెస్టు చేసేనాటికే వేధింపులకు ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు. ఫోనులోని నంబర్లన్నిటికీ బూతు మెసేజీలు పంపే వాళ్ల దగ్గర పండగ ఖర్చుకు చేయి చాస్తామా?

చేయాల్సింది కష్టమైన పనేం కాదు. డబ్బు చేతిలో ఆడే కోతల రోజుల్లోనే పండగను పక్కన పెట్టాలి. వారానికి మూడు వందల చొప్పున పన్నెండు వారాలు తీస్తే మూడు వేల ఆరు వందలు. బ్యాంకు ఖాతాలో వేసి పండగ ఖర్చుకు తప్ప ముట్టకండి. ఊరూపేరూ లేని పండగ చీటీల్లో వేయకండి, చీటీ ఎత్తేసి పారిపోయినవాణ్ని పట్టుకోవడానికి ఏ నోటూ ఉండదు. చీరలు ఆషాఢం తగ్గింపుల్లో కొనండి. డిసెంబరు చీర, ఆషాఢం చీర ఒకే మగ్గం మీదవే. పిల్లలకు గుడ్డ కొని పేటలో మిషను కుట్టే ఆడబిడ్డ చేత కుట్టించండి, ఆ కుట్టుకూలీ పేటలోనే ఉంటుంది. బేకరీ కేకు మానేసి నలుగురు ఆడవాళ్లు కలిసి అరిసెలు, కజ్జికాయలు వండండి. ఒక ఇంటి బెల్లం, ఇంకో ఇంటి పిండి, అందరి చేతులు. మా అమ్మమ్మ తరం అలాగే చేసింది, ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి పక్కన పెట్టింది కూడా. ఆ పిడికెడు కోసం ఎవరూ నోటు రాయలేదు.

సంఘ పెద్దలు చేయాల్సింది ఇంకా ఉంది. డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధనలో అయ్యగారు నిలబడి చెప్పాలి: ‘ఈ పండక్కి ఎవరూ అప్పు చేయొద్దు. పాత బట్టతో వచ్చినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెడతాం. ఒకే రంగు చీరలు ఈ ఏడాది నుంచి లేవు.’ ముందు అమ్మగారు, సంఘ పెద్దల భార్యలు ఉతికిన పాత చీరల్లో రావాలి. వాళ్లు రాకపోతే ఈ మాటలు ఎవరూ నమ్మరు. కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు ఆపేయండి. ఆ మైకులోనే సంఘం పెట్టిన ఖర్చు చదవండి: స్టేజీకి ఇంత, లైట్లకు ఇంత, ముఖ్య అతిథి కారుకు ఇంత, పేటలో మంచం పట్టిన ముసలాయన మందులకు ఇంత. ఆ చివరి అంకె దగ్గర మీ గొంతు తడబడితే, స్టేజీ డబ్బులు ఆ రోజే అటు మళ్లించండి.