పిన్నికి నోరూరడం లేదు

మా పిన్ని ఆవకాయ జాడీ మూత తీస్తే పక్కవాటా వాళ్లకీ నోరూరుతుంది. ఆవిడకే ఊరదు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోవడమే కష్టం కాబట్టి, ఇంట్లో అందరి దృష్టీ కీళ్ల మీదే. ముద్దముద్దకీ నీళ్లు తాగడం, రాత్రి మంచం పక్కన చెంబు పెట్టుకోవడం ఎవరికీ జబ్బులా కనబడలేదు. "అన్ని నీళ్లు తాగితే అన్నం ఏం తింటావ్ పిన్నీ?" అని క్లాసు పీకింది నేనే. ఏడాదిలో మూడు పళ్లు పుచ్చాక, పళ్ల డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, "మీకు కీళ్లవాతం ఉందామ్మా?" అన్నారు.

పళ్లకీ కీళ్లకీ ఏంటి సంబంధం? ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. 1933లోనే స్వీడన్‌లో హెన్రిక్ షోగ్రెన్ అనే కంటి డాక్టరు, కళ్లు పొడిబారిన 19 మంది ఆడవాళ్ల గురించి థీసిస్ రాశాడట. వాళ్లలో 13 మందికి కీళ్లజబ్బు ఉంది. ఆ పొడిబారే జబ్బుకి ఆయన పేరే పెట్టారు. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో కొందరికి ఇది తోడుగా వస్తుంది. మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే కీళ్లతో ఆగకుండా లాలాజల గ్రంథుల్లోకీ దూరతాయి. గవదబిళ్లలు వచ్చినప్పుడు చెవి కింద ఉబ్బుతుందే, అదీ ఆ గ్రంథుల్లో ఒకటే. మామూలుగా రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం తగ్గిపోతే, పళ్లకి కాపలా పోయినట్టే.

మనిషి దవడ కోసి చూడలేం కదా, అందుకే చిట్టెలుకలు. జపాన్‌లో మధుమేహం పరిశోధన కోసం తయారైన 'నాడ్' జాతి ఎలుకల్లో, ఎవరూ ఏమీ చేయకుండానే లాలాజల గ్రంథుల్లో తెల్లకణాలు గుంపులుగా చేరతాయి. విచిత్రం ఏంటంటే, ఆడవాటిలో లాలాజల గ్రంథులు ఎక్కువ దెబ్బతింటే, మగవాటిలో కన్నీటి గ్రంథులు. 'ఎంఆర్ఎల్ ఎల్‌పీఆర్' అనే ఇంకో జాతిలో కీళ్లవాపు, గ్రంథుల వాపు రెండూ కనబడతాయి. అదే మా పిన్ని కేసుకి దగ్గర.

వాటి ఉమ్ము కొలవడం ఇంకో కథ. మత్తిచ్చి, పైలోకార్పిన్ అనే మందు ఎక్కించి, నోట్లో ఊరిన దాన్ని సన్నటి గొట్టంతో తీసి తూకం వేస్తారు. తర్వాత గ్రంథిని పల్చటి పొరలుగా కోసి, రంగువేసి, మైక్రోస్కోపు కింద పెడతారు. నాకు బాగా ఆశ్చర్యం వేసింది ఇక్కడే: చేరిన కణాల లెక్కా, తగ్గిన ఉమ్ము లెక్కా ఎప్పుడూ సరిపోవు. గ్రంథి పెద్దగా పాడవకుండానే పని మానేయొచ్చు. అంటే కణాల గుంపు ఒక్కటే కాదు, గ్రంథికి 'ఊరు' అని చెప్పే నరాల సంకేతం దగ్గరా ఏదో తేడా ఉండొచ్చని పరిశోధకుల అనుమానం. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ ఆ ఎలుకలకిచ్చే పైలోకార్పినే మనుషులకీ మాత్రగా ఉంది! అదుపులో లేని ఆస్తమా ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వరు.

పిన్నికి కింది పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. 4 చదరపు మిల్లీమీటర్లలో 50కి తగ్గకుండా తెల్లకణాలున్న గుంపు ఒక్కటైనా ఉందా అని చూస్తారు. ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే వెంటనే ఇదే జబ్బని ఫిక్స్ అయిపోకండి. అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు, షుగరు... వీటివల్లా నోరెండుతుంది. డాక్టరుకి మాత్రం చెప్పండి. మా పిన్ని రెండేళ్లు చెప్పలేదు. "నోరెండుతోందని కూడా డాక్టరుకి చెప్తారా ఎవరైనా?" అంది.

ఇప్పుడు ఫ్లోరైడ్ పేస్టు, చక్కెర లేని చూయింగ్ గమ్, మాత్రలు. మొన్న ఫోన్ చేసింది. "ఒరే, చింతకాయ చూశాన్రా. కొంచెం... కొంచెం ఊరింది."